బాత్రూమ్ గోడల మీద సబ్బు గార: మన బోరు నీళ్లకి ఏ పద్ధతి పనికొస్తుంది?

తిరుపతిలో అద్దె ఇల్లు చూడ్డానికి పోయినవాళ్లు గదులెన్ని అని అడక్కముందే "నీళ్లెట్లా ఉంటాయి?" అని అడుగుతారు. కార్పొరేషన్ కొళాయి ఉందా, ఒట్టి బోరేనా, బోరైతే మంచి నీళ్లా ఉప్పు నీళ్లా. తాగడానికీ వంటకీ అని అడిగే ప్రశ్నే అయినా, బాత్రూమ్ గోడ మీద తెల్లగా పేరుకునే సబ్బు గారకి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. మిగతా సగం గోడకి వేసిన రాయి ఏది, టైల్ ఏది అన్నదాన్ని బట్టి ఉంటుంది. సూపర్ మార్కెట్ అరలో మెరిసే సీసాల వంతు ఆ తర్వాతే. మనం మాత్రం ముందు సీసా కొనుక్కొచ్చి, అది పని చెయ్యకపోతే ఇంకో సీసా కొంటాం.

ఊళ్లో కొళాయిల్లోకి వచ్చేది ఎక్కువగా కల్యాణి డ్యాం నీళ్లు, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లు. నది నీళ్లు కాబట్టి బోరు నీళ్లతో పోలిస్తే ఉప్పు తక్కువ. బోరు మీదే బతికే ఇళ్ల సంగతి వేరు. చిత్తూరు వైపు వందల అడుగులు దింపితే గానీ నీళ్లు పడని చోట్లున్నాయి. రాతి పొరల్లో అన్నేళ్లు నిలిచిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బాగా కరిగి ఉంటాయి, మనం ఉప్పు నీళ్లు అనేది వీటినే. కందిపప్పు ఎంత సేపు ఉడికించినా బద్ద బద్దగానే ఉంటే, తలస్నానం చేశాక జుట్టు పీచులా తయారైతే, మీ గోడల మీద గార కూడా ఖాయం.

సబ్బు అనేది నూనెనో కొవ్వునో కాస్టిక్ సోడాతో కలిపి చేసే పదార్థం. మంచి నీళ్లలో అది చక్కగా కరుగుతుంది. ఉప్పు నీళ్లలో మాత్రం సబ్బులోని సోడియం స్థానంలోకి కాల్షియం చేరి, నీళ్లలో కరగని మైనం లాంటి పొడిగా మారుతుంది. దానికి ఒంటి జిడ్డు, తలకి పెట్టిన నూనె తోడై గోడకి అతుక్కుంటాయి. పైగా నురగ రావడం లేదని సబ్బు ఇంకాస్త రుద్దుతాం. రుద్దిన కొద్దీ గార పెరుగుతుంది.

ముందు గోరుతో గీకి చూడండి

గోడ మీది తెలుపంతా సబ్బు గార కాదు. బకెట్ పెట్టే చోట, మోకాలి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా పట్టీలా కనిపించే మసక భాగాన్ని పొడిగా ఉన్నప్పుడు గోరుతో గీకండి. గోటి కిందకి మెత్తగా, కొవ్వొత్తి మైనంలా వస్తే అది సబ్బు గార. గీకితే రాకుండా గరుకుగా తగిలి, నిమ్మరసం చుక్క వెయ్యగానే (కడప బండ, పాలరాయి గోడల మీద ఇది వద్దు) సన్నగా బుసబుస పొంగితే అది ఉత్త ఉప్పు గార. షవర్ చిల్లుల చుట్టూ, కొళాయి మొదట్లో, గీజర్ పైపు కింద ఉండేది ఎక్కువగా ఈ రెండోదే. జాయింట్లలో నల్లటి చుక్కలుంటే అది బూజు, దాని మందు వేరు. చాలా ఇళ్లలో మూడూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఒక్క సీసాతో మూడూ పోకపోవడానికి కారణం అదే.

నీళ్ల సంగతి తేల్చుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. రెండు సీసాల్లో సగం సగం నీళ్లు పొయ్యండి, ఒకదాంట్లో బోరువి, ఇంకోదాంట్లో ఆర్‌వో నీళ్లు. రెండింట్లోనూ ఒకే కొలతగా ఒంటి సబ్బు తురుము వేసి బాగా కుదపండి. ఒకదాంట్లో నురగ నిలిచి, బోరు నీళ్లు పాల విరుగుడులా తెల్లబడి నురగ లేకుండా ఉంటే విషయం అర్థమైపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఈ పరీక్ష చెయ్యొద్దు, అది ఏ నీళ్లలోనైనా నురగ ఇస్తుంది. ఆర్‌వో బాగు చేసే అబ్బాయి చూపించే టీడీఎస్ మీటర్ని కూడా దీనికి నమ్ముకోవద్దు. నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో చెబుతుందే గానీ, అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పదు. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే కాగితం మీద "మొత్తం కఠినత్వం" అనే వరస చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, వేరే దారి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. 200 లోపుంటే కింద చెప్పేవాటిలో వైపర్ ఒక్కటీ మీకు చాలు.

పట్టకుండా చూసుకోవడం: వైపరా, సబ్బు మార్చడమా, సాఫ్ట్‌నరా?

నా ఓటు వైపర్‌కే. నేల తుడిచే పెద్దది కాదు, అద్దాలు తుడిచే చేతి వైపర్, రబ్బరు అంచు ఉన్నది. స్నానం కాగానే గోడ మీద రెండు చెంబుల నీళ్లు చల్లి, పైనుంచి కిందికి లాగేస్తే అర నిమిషం పని. గార అప్పుడే పుట్టి ఇంకా మెత్తగా ఉంటుంది, నీళ్లతో పాటే జారిపోతుంది. అదే ఆరనిచ్చారంటే మర్నాటి పొర దాని మీద కూర్చుంటుంది. షవర్ ఉన్న ఇంట్లో తల ఎత్తు దాకా లాగాలి. బకెట్ స్నానం ఇళ్లలో ఛాతీ ఎత్తు దాకా చాలు, ఇక్కడ మనలాంటి వాళ్లకి కొంచెం కలిసొచ్చింది.

ఇబ్బందల్లా మనుషులతోనే. "చివర్లో స్నానం చేసినవాళ్లు లాగాలి" అని నియమం పెడితే, ఆ ఇంట్లో చివర్లో స్నానం చేసినవాళ్లు ఎవ్వరూ ఉండరు. ఎవరి స్నానానికి వాళ్లే లాగాలంటేనే నడుస్తుంది. పిలకాయలకి మాత్రం ఈ పని సరదా, ఒకసారి చేతికిచ్చి చూడండి.

రెండో దారి సబ్బు మార్చడం. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, ఖరీదైన సబ్బు వాడితే గార పట్టదని. సబ్బు పెట్టె మీద టీఎఫ్‌ఎం అని ఉంటుంది, సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం ఎంతో చెప్పే లెక్క అది, 76 శాతమో అంతకన్నా ఎక్కువో ఉంటే మొదటి రకం. ఒంటికి అది మంచిదే. గోడ లెక్క వేరు. అసలైన సబ్బు ఎంత ఎక్కువుంటే ఉప్పు నీళ్లతో కలిసి గార కట్టే సరుకు అంత ఎక్కువున్నట్టు. సబ్బు కాని డిటర్జెంట్ పదార్థాలతో చేసే బాడీ వాష్‌లు, కొన్ని రకాల బార్లు కాల్షియంతో అట్లా గడ్డకట్టవు. గార బాగా తగ్గుతుంది, ఉప్పు మరక మాత్రం అట్లనే ఉంటుంది. నెల ఖర్చు పెరుగుతుంది, అదొక్కటే లోటు. నలుగురున్న ఇంట్లో బాడీ వాష్ సీసా ఎంత తొందరగా ఖాళీ అవుతుందో చెప్పక్కర్లేదు.

కుంకుడుకాయ రసం, శీకాయ ఈ విషయంలో మనకి కలిసొచ్చేవే. వాటి నురగ సబ్బు జాతిది కాదు, కాల్షియంతో విరగదు. అయితే కుంకుడుకాయ వాడే రోజంటే నూనె పెట్టుకునే రోజు కదా, నువ్వుల నూనె జిడ్డు గోడకీ నేలకీ అంటుతుంది. ఆ రోజు వేడినీళ్లతో గోడ ఒకసారి కడగాలి, నేల జారకుండా ఇంకోసారి. సున్నిపిండి గోడకి ఏం చెయ్యదు గానీ జాలీకి అడ్డం పడుతుంది.

మూడోది నీళ్లనే మార్చడం. ఇంటి మొత్తానికి పెట్టే సాఫ్ట్‌నర్‌లో రెజిన్ గుళికలు కాల్షియంని పట్టుకుని సోడియంని వదులుతాయి. నిజంగా పని చేస్తుంది. గోడలే కాదు, గీజర్, వాషింగ్ మెషీన్, కొళాయిలు అన్నీ బాగుపడతాయి. కానీ మిషన్ ఖర్చు వేలల్లో ఉంటుంది, ఉప్పు బస్తా తెచ్చి పోస్తూ ఉండాలి, రెజిన్ కడిగిన ప్రతిసారీ కొన్ని బకెట్ల ఉప్పు నీళ్లు కాలువలోకి పోతాయి. ఆ నీళ్లు చెట్లకి కూడా పనికిరావు. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధిలో ఉండేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి. సొంతిల్లు, పెద్ద కుటుంబం, కఠినత్వం 600 దాటిన బోరు, ఈ మూడూ కలిస్తే పెట్టించొచ్చు. ఒక్క గోడల కోసమైతే వద్దు. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లు మట్టినీ క్లోరిన్‌నీ ఆపడానికే గానీ, బోరు నీళ్లలోని ఇంత కాల్షియంని అవి తట్టుకోలేవు. పైపుకి అయస్కాంతం కట్టే పరికరాలు నీళ్లలోంచి కాల్షియంని తియ్యవు, వాటి మీద డబ్బు పెట్టకండి.

కొళాయి, బోరు రెండూ ఉన్న ఇంట్లో ఇవేవీ అక్కర్లేకుండా ఇంకో దారుంది. బాత్రూమ్ లైన్‌ని కొళాయి నీళ్ల ట్యాంకుకి కలిపి, బోరుని ఫ్లష్‌కీ వాకిలి కడగడానికీ వదిలెయ్యడం. ప్లంబర్‌కి ఒక పూట పని.

పట్టిన గారని వదిలించడం: ఏది దేనికి?

"అక్కా, యాసిడ్ తెప్పించు, రెండు నిమిషాల్లో తెల్లగా చేసిస్తా." పనికొచ్చే అమ్మాయిలు ఈ మాట అనని ఇల్లు మన వైపు ఉండదేమో. నిజంగానే తెల్లగా అవుతుంది. అంగళ్లలో సీసాల్లో అమ్మే ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్. మామూలు టైల్ మెరుపు కూడా దానికి తట్టుకుంటుంది. తట్టుకోలేనిది టైల్స్ మధ్య సిమెంట్ జాయింటు. ప్రతిసారీ కాస్త కాస్త కరిగి, కొన్నాళ్లకి వేలు పెట్టి రుద్దితే ఇసుకలా రాలుతుంది. అక్కడినుంచి నీళ్లు లోపలికి పోతాయి, గోడకి అవతల పడగ్గదిలో పెయింట్ ఉబ్బుతుంది. ఆ తేమకి కారణం పైపు లీకేజీ అనుకుని గోడ పగలగొట్టించిన వాళ్లున్నారు. ఆవిరి తగిలి కొళాయిల మెరుపు పోవడం, తలుపు బందులు తుప్పు పట్టడం వేరే లెక్క, పీల్చిన మనిషి ఊపిరి ఇంకో లెక్క. హార్పిక్ లాంటి టాయిలెట్ క్లీనర్లలో ఉండేదీ ఈ ఆసిడే, చిక్కగా చేసి ఇస్తారు. అది టాయిలెట్ బేసిన్ కోసం తయారైంది, గోడకి పూయకండి.

దానికి బదులు నిమ్మ ఉప్పు. ఏ చిల్లరంగడిలో అడిగినా ఇస్తారు, వంటకి వాడే సిట్రిక్ ఆసిడే అది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాములు కరిగించి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలిపి స్ప్రే సీసాలో పొయ్యండి. లిక్విడ్ ఎందుకంటే, ఆసిడ్ గారని విడగొట్టినప్పుడు కాల్షియం నీళ్లలోకి పోతుంది గానీ కొవ్వు గోడ మీదే జిడ్డుగా మిగులుతుంది. దాన్ని పట్టుకుపోవడానికి డిటర్జెంట్ కావాలి. ఉత్త నిమ్మ ఉప్పుతో కడిగి "పోలేదే" అనుకునేవాళ్లంతా ఈ ఒక్క చెంచా వెయ్యనివాళ్లే.

కడిగే తీరు కూడా ముఖ్యం. ముందు గోడంతా మామూలు నీళ్లతో తడపండి. జాయింట్లు మంచి నీళ్లు తాగేసి ఉంటే ఆసిడ్‌ని అంతగా పీల్చుకోవు. తర్వాత కిందినుంచి పైకి స్ప్రే చెయ్యండి, పైనుంచి చేస్తే కారిన చారలు కనిపిస్తాయి. పది నిమిషాలు ఆగి, ఆరకుండా చూసుకుని, నైలాన్ బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి వైపర్‌తో లాగాలి. ఏళ్ల తరబడి పేరుకున్నదైతే ఒక్కసారికి లొంగదు, రెండు మూడు విడతలు చెయ్యాలి. ఒకేసారి వదలాలని మందు చిక్కగా కలపడం వల్ల లాభం కన్నా జాయింట్లకి నష్టమే ఎక్కువ. గిన్నెలు తోమే స్టీల్ పీచు జోలికి పోకండి. గీతలు పడతాయి, ఆ గీతల్లో తర్వాతి గార ఇంకా గట్టిగా కూర్చుంటుంది.

వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది. వంటకి అమ్మేదాంట్లో ఆసిడ్ 4 శాతం దగ్గర ఉంటుంది, కాబట్టి నీళ్లు కలపకుండా వాడాలి, గోడంతటికీ సీసాలు సీసాలు కావాలి. వాసన ఒక పూట వదలదు. షవర్ తలకి మాత్రం బాగుంటుంది, ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి తలకి కట్టి గంట వదిలితే మూసుకున్న చిల్లులు తెరుచుకుంటాయి. పిండేసిన నిమ్మ చెక్కలు కొళాయి మొదట్లో రుద్దడానికి చాలు. చింతపండు రాగి చెంబుకి ఎంత మంచిదో తెల్ల సిమెంట్ జాయింట్లకి అంత చెడ్డది, గోధుమ రంగు దిగుతుంది.

వంట సోడా విడిగా మెత్తటి పొడిలా రుద్దడానికి పనికొస్తుంది. దాన్ని వెనిగర్‌తో కలిపి పొంగించడం చూడ్డానికి బాగుంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పు కలిపిన నీళ్లే.

బ్లీచింగ్ పౌడర్, బ్లీచ్ ద్రవాలు బూజుకి. సబ్బు గార వాటికి కదలదు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బ్లీచ్‌నీ ఏ ఆసిడ్‌నీ, అది నిమ్మ ఉప్పే కానీ వెనిగరే కానీ టాయిలెట్ క్లీనరే కానీ, కలపకూడదు. ఒకదాని వెంట ఒకటి కూడా వెయ్యకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. మన బాత్రూమ్‌లు ఒక్క వెంటిలేటర్ ఉన్న చిన్న గదులు, తలుపేసుకుని లోపలుంటే ప్రాణం మీదకి వస్తుంది. గార ఒక రోజు, బూజు ఇంకో రోజు పెట్టుకోండి.

గోడకి ఏముందో దాన్ని బట్టి

పైన చెప్పిన నిమ్మ ఉప్పు మందు మెరిసే టైల్స్‌కే. కడప బండలు వేసిన బాత్రూమ్‌లు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి, నేలకే కాకుండా నడుము ఎత్తు దాకా గోడకీ వేసినవి. కడప రాయి సున్నపురాయి జాతి. నిమ్మరసం పడినా పొంగుతుంది, నునుపు పోయి మచ్చ మిగులుతుంది. పాలరాయి కూడా అంతే. వీటికి ఆసిడ్ అనే మాటే వద్దు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల లిక్విడ్, మెత్తటి బ్రష్, వంట సోడా పేస్టు, అంతవరకే. గార మొండిగా ఉంటే రాళ్ల కోసమే అమ్మే, ఆసిడ్ లేని క్లీనర్ కొనండి. ఇలాంటి గోడలున్నవాళ్లకే రోజూ వైపర్ అందరికన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే తర్వాత వదిలించే దారులు వాళ్లకి తక్కువ. గ్రానైట్ గట్టిది, పలచటి నిమ్మ ఉప్పుకి తట్టుకుంటుంది, కానీ దాని పాలిష్‌నీ జాయింట్లనీ ఒక మూల పరీక్షించి చూసుకోండి.

గాజు పార్టిషన్ పెట్టించాలనుకునేవాళ్లకి ఒక మాట. బోరు నీళ్ల ఇంట్లో దాని మీద ప్రతి చుక్కా కనిపిస్తుంది. రోజూ తుడిచే ఓపిక లేకపోతే కర్టెన్ వేసుకోండి, నెలకోసారి వాషింగ్ మెషీన్‌లో వేస్తే అయిపోతుంది.

కొత్తగా కట్టేవాళ్లు మేస్త్రితో రెండు విషయాలు ముందే మాట్లాడుకోవాలి. గోడకి మెరిసే పెద్ద టైల్స్ అయితే జాయింట్లు తగ్గుతాయి, గరుకు మ్యాట్ టైల్స్ నేలకి ఉంచండి. జాయింట్లకి తెల్ల సిమెంట్ బదులు ఎపాక్సీ (సిమెంట్ కాకుండా రెజిన్‌తో చేసిన జాయింట్ మసాలా) వేయించండి. కూలీ, సరుకు రెండూ ఎక్కువవుతాయి, పూసేటప్పుడు తొందరగా గట్టిపడుతుంది కాబట్టి చేతి అలవాటున్న మేస్త్రే కావాలి. కానీ అది నీళ్లు పీల్చదు, నిమ్మ ఉప్పుకి కరగదు. కట్టేసిన ఇంట్లో కూడా స్నానం చేసే ఒక్క మూల జాయింట్లు గీకించి ఎపాక్సీ వేయించుకోవచ్చు, మొత్తం బాత్రూమ్ అక్కర్లేదు.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు వైపర్, నిమ్మ ఉప్పుతో ఆగండి. చేరేటప్పుడే గోడల ఫోటోలు తీసి ఓనర్‌కి పంపండి, ఖాళీ చేసేటప్పుడు పాత గారకి మీ అడ్వాన్స్‌లో కోత పడకుండా. పెద్దవాళ్లున్న ఇంట్లో బాడీ వాష్‌కి మారడం మేలు. గోడ కన్నా నేల గురించి చెబుతున్నా, సబ్బు గార పట్టిన నేల తడిస్తే జారుతుంది. గోడకి వ్యాక్స్, కోటింగ్ లాంటివి పూసే అలవాటుంటే ఒక్క చుక్క కూడా నేల మీద పడకుండా చూసుకోండి.

ఇక తిరుపతిలో సొంతిల్లు ఉందంటే చుట్టాలు కొండకి వస్తారు. బ్రహ్మోత్సవాలకో వైకుంఠ ఏకాదశికో తెల్లవారుజామున మూడింటి నుంచి ఒక్క బాత్రూమ్‌లో పదిమంది స్నానాలు. గుండు చేయించుకుని దిగినవాళ్ల తల మీది గంధం గోడకీ కొళాయికీ పసుపు చారలుగా దిగుతుంది. గార లేని గోడ మీదైతే నీళ్లతో పోతుంది, గార ఉంటే అందులోకి ఇంకి మరకవుతుంది. అందుకని వాళ్లు రావడానికి రెండు మూడు రోజుల ముందే నిమ్మ ఉప్పుతో ఒకసారి కడిగి పెట్టుకోండి. సబ్బుల పెట్టె తీసేసి పెద్ద బాడీ వాష్ సీసా ఒకటి పెట్టండి, పదిమందికీ అదే. వైపర్ లాగమని చుట్టాలకి చెప్పలేం కాబట్టి, ఆఖరి వాళ్లు ఆటో ఎక్కగానే గోడ ఆరక ముందే మీరే లాగెయ్యండి. ఊళ్లో చిన్న లాడ్జీలు, హోమ్‌స్టేలు నడిపేవాళ్లకి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. గది ఖాళీ అయిన వెంటనే, పక్క దుప్పట్లు మార్చడానికన్నా ముందు గోడ లాగించడం, వారానికొకసారి నిమ్మ ఉప్పు, యాసిడ్ సీసా స్టోర్ రూమ్‌లోకి కూడా రానివ్వకపోవడం.